మామగారి కారులో చలి

భార్య తనతో మాట్లాడటం మానేసి పదకొండు నెలలు. ఇంజను మార్చినందుకే ఈ అలక అని మెకానిక్ నమ్మకం.

అది ఆమె తండ్రి కారు. నలభై ఏళ్ల బండి. పాత ఇంజను ఇక లాగలేనని చేతులెత్తేసినప్పుడు, "నాన్న బండిలో పరాయి ఇంజను వద్దు" అని ఆమె నెత్తీనోరూ కొట్టుకుంది. ఆయన వినలేదు. తుక్కులో పడున్న చిన్న వ్యాను ఇంజను తెచ్చి అందులో కూర్చోబెట్టాడు. బండి గుర్రంలా పరిగెత్తింది. హీటరు మాత్రం మొండికేసింది.

అలకలు ఆమెకు కొత్త కావు. పెళ్లయిన మొదటి ఏడు, కూరలో ఉప్పెక్కువైందన్నందుకు నాలుగు రోజులు మూతి ముడుచుకుంది. ఈసారి లెక్క నెలల్లోకి వెళ్లింది. ఇంట్లో ఎదురుపడితే ఆమె చూపు ఆయన్ని దాటి గోడ మీదికి పోతుంది. అది చూసినప్పుడల్లా ఆయనకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఒక్క కారులోనే పక్కపక్కన కూర్చుంటారు. ఆమె నర్సు. ఆసుపత్రికి కొండదారిలో గంట ప్రయాణం. ఇంజను చప్పుడు వినాలన్న వంకతో ఆయన రోజూ పక్క సీట్లో చేరతాడు. ఆమె వద్దనదు. ఆ గంట కోసమే ఆయనకు తెల్లవారుతుంది.

ఇప్పుడు ఆ గంటకే ఎసరొచ్చింది.

"చేరేసరికి వేళ్లు కొయ్యబారిపోతున్నాయి మరిదిగారూ. నిన్న ఒకావిడకి మూడుసార్లు పొడిచాను, నరం దొరకలేదు. ఇలా అయితే నా ఉద్యోగం ఉండదు. అమ్మేద్దాం," అంది ఆమె తన చెల్లెలి భర్తతో. అతను మెకానిక్‌కి తోడల్లుడే కాదు, షెడ్డులో భాగస్వామి కూడా.

"ఒక్క ఆదివారం ఇవ్వండి వదినా. అప్పటికీ చలి తగ్గకపోతే సోమవారం నేనే బేరం కుదురుస్తాను."

ఆదివారం పొద్దున్నే షెడ్డు తలుపులు తెరుచుకున్నాయి. పని తోడల్లుడిది, అజమాయిషీ మెకానిక్‌ది.

"ముందు గొట్టాలు చూడు. కొత్త ఇంజనుది సన్నం, హీటరుది లావు. ఆ అతుకు దగ్గర వేడినీళ్లు సరిగ్గా పారవు," అన్నాడు మెకానిక్.

తోడల్లుడు పలకలేదు. ఈమధ్య అతనికి ఇదో జబ్బు. చెప్పినప్పుడు ఊ అనడు. కాసేపు బుర్ర గోక్కుని, అదేదో తనకే తట్టినట్టు సరిగ్గా ఆ పనే చేస్తాడు. ఇప్పుడూ అంతే. అతుకు విప్పి లావు గొట్టం వేశాడు. మెకానిక్‌కి నవ్వొచ్చింది. పేరు ఎవరికొస్తేనేం, బండి ఇంట్లో ఉంటే చాలు.

హీటరు లోపలి చిన్న రేడియేటరు ఊడదీసి కడిగితే తుప్పునీళ్లు బకెట్ నిండా వచ్చాయి. బండి ముక్కు పైకి లేపి, నీళ్లలో చిక్కుకున్న గాలి పోయేదాకా ఇంజను నడిపారు. ఇంజనుకూ సీట్లకూ మధ్య రేకులో పాత ఇంజను వైర్లు వెళ్లిన బెజ్జాలు నాలుగున్నాయి. వాటిలోంచి చలిగాలి నేరుగా కాళ్ల మీదికి కొడుతోంది. ఇంజను మార్చిన రోజు వాటిని మూయకుండా వదిలేసింది మెకానిక్కే.

"అది నా తప్పే," అని ఒప్పుకున్నాడు. తోడల్లుడు దెప్పలేదు. రబ్బరు బిరడాలు కొట్టి మూశాడు.

మధ్యాహ్నం కొండదారి ఎక్కారు. ఆమె నడుపుతోంది.

"ముందు కూర్చోండి మరిదిగారూ," అంది.

"వద్దు వదినా, అది అన్నయ్య సీటు," అని తోడల్లుడు వెనక ఎక్కాడు. మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాడు మెకానిక్.

అతను వెనకనుంచి చెయ్యి చాచి, వేడిగాలి వచ్చే జాలీకి వేడి కొలిచే మీటరు ఆనించాడు. "అరవై రెండు డిగ్రీలు. ఇక టీ కాచుకోవచ్చు."

"మరి నాకీ వణుకేమిటి?" అంది ఆమె. మాటతోపాటు నోట్లోంచి ఆవిరి వచ్చింది. వెనక తోడల్లుడి ఊపిరి కూడా పొగలా అద్దానికి తగులుతోంది.

అతను మీటరును రెండు సీట్ల మధ్యకు తెచ్చాడు. చూసి, దులిపి, మళ్లీ చూశాడు. "ఇక్కడ నాలుగు," అన్నాడు గొంతు తగ్గించి. "వేడి లోపలికి వస్తోంది. వచ్చి ఎటు పోతోందో నాకు అంతుపట్టడం లేదు వదినా."

ఆమె గేరు తగ్గించింది. "అమ్మడం నాకిష్టమా? ఇది పోతే నాకింకేం మిగిలింది? కానీ నా చేతులు పనిచెయ్యాలి కదా."

ఆ మాటలో అలక లేదు. మెకానిక్ ఎంత వెతికినా దొరకలేదు.

లోపం చిక్కనప్పుడు మెకానిక్‌లు చేసే పని ఒకటుంది. బండిలోంచి ఒక్కొక్కటే తీసి పక్కన పెడతారు. ఏది తీశాక బండి బాగుపడితే, లోపం దానిదే. గొట్టం అయిపోయింది. రేడియేటరు అయిపోయింది. తీసి చూడనిది ఇంకొక్కటే ఉంది. అది ఆయనకు ఇదివరకే తెలిసి ఉండొచ్చు. ఊళ్లోవాళ్ల బండ్లలో తప్పులు ఇట్టే పట్టేవాడు, తన దగ్గరికొచ్చేసరికి ఆలస్యం చేశాడు.

మలుపు దగ్గర వేళ్లు ఊదుకోవడానికి ఆమె బండి ఆపింది.

"నేనిక్కడ దిగుతాను," అన్నాడు మెకానిక్. "మూడో గేరు కాస్త బిగువు, మెల్లిగా వెయ్యి."

ఆమె పలకలేదు. ఆయన ఆమె చేతుల వైపు ఒక్కసారి చూసి, దిగి రోడ్డు పక్కన నిలబడ్డాడు. బండి కదిలింది.

పది బారలు పోకముందే అద్దాల మీది మంచు కరిగి కారిపోయింది, ఆమె మాత్రం పదకొండు నెలల కిందట ఆసుపత్రికి చేరేలోపే భర్త కన్నుమూసిన ఆ పక్క సీటు మీద చెయ్యి ఆనించి, "వెచ్చబడింది మరిదిగారూ," అంటూ బావురుమంది.