ముట్టుకోని కొలత

నా భయమల్లా ఒక్కటే, పాప నిద్రలో ఊపిరి ఆపేస్తుందేమోనని. అందుకే ఆ మధ్యాహ్నం కూడా ఉయ్యాల్లోకి వంగి బుగ్గ మీద వేలితో పొడిచాను. పాప కెవ్వుమంది.

"ఉందిలే, ఊపిరుంది," అన్నాను తృప్తిగా.

మా ఆయన గుణశేఖర్ కూర్మన్నపాలెంలో ఒక వర్క్‌షాపులో కొలతల మిషను మీద పనిచేస్తాడు. అప్పుడు ఫోనులో ఆఫీసరుతో మాట్లాడుతున్నాడు.

"ఇనప ముక్కలకి ముట్టుకుని కొలిసే సూది, ఆ ప్రోబ్ సాలు సార్. ఈ రబ్బరు వాటికి ముట్టుకోకుండా సూసి కొలిసే కెమెరాదే పెట్టాల. మెత్తనివి కదా, ముట్టుకుంటే నొక్కుకుపోయి కొలత తప్పుగా వత్తాది."

ఫోను పెట్టేసి నావైపు తిరిగాడు. "మళ్లీ లేపీసినావేటే?"

"నానెందుకు లేపుతాను బావా? దానికే నిద్ర పట్టదు. రేపు డాక్టరుకి సూపిద్దాం."

"ఎవుర్ని సూపించాల? పాపనా, నీ వేలునా?"

నవ్వబోయి ఆగిపోయాను. పాపకు నిద్ర పట్టడం లేదని వీధంతా చెప్పుకొని ఏడ్చాను. దిష్టి కూడా తీయించాను. మెత్తనిదంటే రబ్బరొక్కటే కాదని తొమ్మిదో తరగతిలో బడి మానేసిన నా బుర్రకు అప్పుడెక్కింది.

ఇప్పుడు పాప పడుకుంది. చేతులు కొంగులో చుట్టేసుకుని, దాని పొట్ట పైకీ కిందికీ కదలడం చూస్తూ కూర్చున్నాను. పొయ్యి మీద పప్పు మాడుతోంది. నేను దించి వచ్చేదాకా మీరు కాస్త పాపను చూస్తుండండి. కళ్లతోనే సుమా.