పదకొండో పేజీ

లారీ దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగిపోయింది.

"ఇక లేవదు," అన్నాడు కెవిన్.

ఐర్లండ్‌లో గాల్వే ఊరికి పది మైళ్ళ అవతల కెవిన్ షెడ్డు. బయట గడ్డి తెల్లగా గడ్డకట్టి ఉంది. లారీ 1942 నాటిది, యుద్ధం చూసింది. ఆ తర్వాత నలభై ఏళ్ళు కెవిన్ తండ్రి ఎడ్వర్డ్ దాంతో టర్ఫ్ తోలాడు. టర్ఫ్ అంటే ఇక్కడి పొయ్యిల్లో కాల్చే ఎండు మట్టిగడ్డలు.

ఎల్లుండి శనివారం ఎడ్వర్డ్‌కి తొంభై నిండుతాయి. కోవిడ్ మూలంగా పది నెలలుగా నర్సింగ్ హోమ్ లోపలికి ఎవరినీ రానివ్వడం లేదు. పదకొండు గంటలకి ఆయన్ని పావుగంట కిటికీ దగ్గర కూర్చోబెడతామన్నారు.

"నీ కార్లో వెళ్ళొచ్చుగా?" అన్నాడు కిశోర్.

కిశోర్ పక్కింటివాడు. వైద్య పరికరాల ఫ్యాక్టరీలో ఇంజనీరు. పాత లారీల పిచ్చి వాళ్ళిద్దరినీ కలిపింది.

"నాన్న నా మొహం మర్చిపోతున్నాడు కిశోర్. ఈ చప్పుడు మాత్రం మర్చిపోడు."

ఆ సాయంత్రం పాత లారీల క్లబ్బు జూమ్‌లో కూడింది.

"మైనస్ ఆరుకే పడకేసిందా? యుద్ధంలో రష్యావాళ్ళు మైనస్ నలభైలో నడిపారు!" అన్నాడు లిమరిక్ ఊరి సభ్యుడు.

"అవి అమెరికా పంపిన లారీలు," అన్నాడు ఇంకొకాయన.

"లారీ ఎవరిదైనా చలి రష్యాదేగా!"

"వోడ్కా పోసుంటారు."

"లారీకా, డ్రైవరుకా?"

అందరూ నవ్వారు. కెవిన్ నవ్వలేదు.

కిశోర్ ఒక పుస్తకం తెచ్చి కెమెరాకి చూపించాడు. అట్ట లేదు. మాస్కోలో అచ్చయిన తెలుగు పిల్లల పుస్తకం. గడ్డకట్టిన సరస్సు మీద రొట్టెలు మోసిన లారీ కథ.

"పదకొండో పేజీలో ఉంది. డ్రైవరు సాయంత్రం రేడియేటర్లో నీళ్ళు తీసేశాడు. పొద్దున్నే మరిగే నీళ్ళు పోశాడు. బండి లేచింది."

శుక్రవారం పొద్దున్న అచ్చం అలాగే చేశారు.

లారీ దగ్గింది. లేవలేదు.

"ఆయిల్ కూడా తియ్యాలి బాబూ," అని గేటు దగ్గర్నుంచి ఓ గొంతు.

బ్రహ్మయ్య. ఎదురింటి నర్సు చంద్రకళకి మేనమామ. నెల రోజులుండి పోదామని మార్చిలో ఇండియా నుంచి వచ్చాడు. విమానాలు ఆగి ఇరుక్కుపోయాడు. మంకీ క్యాపు, మాస్కు. రోజూ నడకకి వచ్చి ఆ గేటు దగ్గరే నిలబడతాడు. ఇద్దరూ ఆయన్ని పట్టించుకున్న రోజు లేదు.

"పుస్తకంలో అలా లేదంకుల్," అన్నాడు కిశోర్.

"పుస్తకంలో తప్పుంది."

"మీరు ఏ లారీ నడిపేవారేంటి?"

"నాకు సైకిలు కూడా రాదు."

కిశోర్ ఆ మాట ఇంగ్లీషులో చెప్పాడు. కెవిన్ పొద్దుట్నుంచీ మొదటిసారి నవ్వాడు.

"ఒకసారి చూడనిస్తావా బాబూ?"

కిశోర్ పుస్తకం గోడ మీద పెట్టి రెండు మీటర్లు వెనక్కి జరిగాడు.

బ్రహ్మయ్య దాన్ని రెండు చేతుల్తో తీసుకున్నాడు. "అట్ట ఏదీ?"

"చిన్నప్పుడే పోయిందంకుల్. మొదటి పేజీ కూడా. చదివి చదివి చింపేశాను."

"అన్నిసార్లు చదివావా?"

"వందసార్లు చదివుంటాను. దీనివల్లే ఇంజన్ల పిచ్చి పట్టింది. లేకపోతే మా నాన్న కొట్లో బెల్లం అమ్ముతుండేవాణ్ణి."

బ్రహ్మయ్య కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. మాస్కు పెట్టుకుంటే అద్దాలకి ఆవిరి పట్టడం మామూలే.

"మధ్యాహ్నం ఎండకి ఎలాగో లేపండి. కాసేపు తిప్పి, వేడిమీద ఆయిల్ డబ్బాలోకి దింపండి. నీళ్ళూ తీసెయ్యండి. ఆ డబ్బా రాత్రంతా పొయ్యి పక్కనే ఉండాలి. పొద్దున్న ఆయిల్ పోసి, ఆ తర్వాత వేడినీళ్ళు పొయ్యండి."

"ఏమంటాడు?" అన్నాడు కెవిన్.

"ఇంజను ఆయిల్ మీ వంటింట్లో పెట్టమంటున్నాడు."

"మా ఆవిడ నన్ను తీసుకెళ్ళి షెడ్డులో పెడుతుంది."

అయినా మధ్యాహ్నం ఎలాగో లారీని లేపి, ఆయిల్ దింపి, డబ్బా వంటింట్లోనే పెట్టాడు. వేరే దారి లేదు.

శనివారం పొద్దున్న ఆయిల్ పోశారు, నీళ్ళు పోశారు. కెవిన్ తాళం తిప్పాడు.

లారీ దగ్గలేదు. ఒక్క ఊపున లేచింది. షెడ్డు రేకులు గలగలలాడాయి.

"గ్రాండ్!" అని కెవిన్ గంతేశాడు. "అబ్బ, గ్రాండ్!"

పదకొండు గంటలకి నర్సింగ్ హోమ్ కిటికీలో ఎడ్వర్డ్ తల వాల్చుకుని ఉన్నాడు. లారీ ఇంకా మలుపు తిరగనేలేదు, చప్పుడికి తల పైకి లేచింది. ఎదురుగా లేని స్టీరింగుని ఆయన చేతులు పట్టుకుని తిప్పాయి. లారీ కిటికీ ముందు ఆగింది. అద్దం వెనక ఆయన పెదాలు కదిలాయి.

"కెవిన్," అన్నాయి.

కెవిన్ పావుగంటసేపు హారన్ కొడుతూనే ఉన్నాడు. నర్సులు తిట్టలేదు. చప్పట్లు కొట్టారు.

తిరిగొచ్చి ఇద్దరూ కేకు ముక్క పట్టుకుని ఎదురింటికి వెళ్ళారు.

"మావయ్య పొద్దున్నే డబ్లిన్ వెళ్ళిపోయాడండీ," అంది చంద్రకళ. "ఎట్టకేలకి సీటు దొరికింది. లారీ లేచిందా అని ఎయిర్‌పోర్టు నుంచి మూడుసార్లు ఫోన్ చేశాడు."

"అయ్యో, థాంక్స్ అయినా చెప్పలేదే," అన్నాడు కిశోర్.

కేకు చంద్రకళే తినేసింది.

జూన్‌లో కిశోర్‌కి ఇండియా నుంచి ఒక పార్సెల్ వచ్చింది.

అదే పుస్తకం. అట్ట ఉంది. పదకొండో పేజీ అడుగున నీలం సిరాతో ఒక వాక్యం చేర్చి ఉంది: "ఇంజను నూనె కూడా దింపి, రాత్రంతా పొయ్యి పక్కన పెట్టుకున్నాడు."

కిశోర్ వెనక్కి తిప్పుకుంటూ తను ఏనాడో చింపేసిన మొదటి పేజీ దాకా వచ్చాడు.

అక్కడ చిన్న అక్షరాల్లో 'రష్యన్ నుంచి తెలుగు: బ్రహ్మయ్య' అని అచ్చయి ఉంది, దాని కిందే అదే నీలం సిరా, "ఆ వాక్యం వదిలేసింది నేనే, బాబూ, క్షమించు."