ఏడో పోర్టు

వెనకటికొక నెట్‌వర్కు కాపలాదారు, వేళాకోళానికి పెట్టింది పేరు. ఓ రాత్రి బావమరిదిని నేలమాళిగలోని కేబుళ్ల గదిలోకి తోసి బయట గడియ పెట్టాడు.

"బావా, తియ్యవా! దీపం కూడా లేదు!"

"పొద్దున తీస్తాలే. ఎలుకలతో కబుర్లు చెప్పుకో" అని నవ్వుకుంటూ మెట్లెక్కాడు.

పైన తెరమీద, ఆ గదిలో కేబులు గుచ్చే ఏడో పోర్టులో ఎర్రర్ల లెక్క ఎగబాకుతోంది. కింద వాడు కేబులు పీకి, పెట్టి, పిలుస్తున్నాడన్నమాట. "నాతోనా నీ ఆటలు!" అని తెరమీంచే ఆ పోర్టును మూసేశాడు. మూసినా లెక్క ఆగలేదు.

కిందికి పరుగెత్తాడు. గడియ తీసి లోపలికి వెళితే గదిలో ఎవరూ లేరు. గోడమీది పెట్టెలో, తాను మూసిన పోర్టు దీపం పచ్చగా మిణుకుతోంది. వెనకాల గడియ పడింది.

"పొద్దున తీస్తాలే" అంటూ ఒక నవ్వు మెట్లెక్కిపోయింది. ఆ గొంతు అచ్చం తనదే.

కేబులు పీకాడు, పెట్టాడు, మళ్లీ పీకాడు, పెట్టాడు.

పచ్చదీపం ఆరిపోయింది. పైన ఎవరో పోర్టు మూసేశారు.