సిత్తారమ్మ మంత్రం

“కేసు రాసుకో హరిలాల్. మంత్రాల పేరు మీద పసిపిల్లల పాణాలతోని ఆడుకుంటున్నదని రాయి,” అంటూ సరోజన తన సెల్‌ఫోన్ హెడ్ కానిస్టేబుల్ బల్ల మీద పెట్టింది.

కొత్తగూడ మండలంలో ఆమె ఎనిమిదేళ్లుగా నర్సు. ఆ అడవి తండాల్లో తిరిగి చెప్పులు అరిగాయే తప్ప, లంబాడాల భాష ఒక్క ముక్క వంటబట్టలేదు. చదువుకున్నదాన్ని, వాళ్ల భాష నాకెందుకన్నది ఆమె ధీమా. ఎండాకాలంలో తండాకు పోయి, మైకు పట్టుకుని, పుస్తకాల తెలుగులో అతిసారం మీద గంటసేపు దంచింది. జనమంతా ఆవలించుకుంటూ లేచిపోయారు. చివరిదాకా కూర్చున్నది ముసలి లాలి ఒక్కతే. అదీ బిస్కెట్ పొట్లం కోసమేనని సరోజనకు గట్టి నమ్మకం.

ఇప్పుడా లాలే తండాకు పెద్ద వైద్యురాలైంది.

“ఎవల పిల్లగాడు మేడం?” హరిలాల్ కాగితం తీశాడు. అతనిదీ తండానే, బయ్యారం దిక్కు.

“తండల గోరీ అనేటామె కొడుకు. నిన్నటి సంది వాంతులు, విరేచనాలు. పొద్దుగాల నేను పోయేసరికి ముసల్దాని ముంగట పండవెట్టిన్రు. నేనిచ్చిన మందు పాకెట్లు ఏ చూరుల చెక్కిన్రో ఏమో. అది బిందెడు నీళ్లు ముంగటేసుకోని, తెల్లటి ఇబూది కలుపుతది, వేపమండ తిప్పుతది, ఏందో గొణుగుతది, చెంచతోని తాపుతది. నా కడుపు మండింది. చాటుంగ వీడియో తీసిన.”

“పిల్లగానికి ఇప్పుడెట్లున్నది?”

“తేరుకున్నడు. మొన్న నేనేసిన టీకా బలం.”

“ఈ వానకాలం ఆ తండల ఒక్క పిల్లగాని పాణం గూడ పోలేదంటున్నరు?”

“అందుకే గదా నాకు జిల్లాల ప్రశంసాపత్రం ఇచ్చింది. ఊకెనే ఇస్తరా?” సరోజన మూతి తిప్పుకుంది. “ముందుగాల దీన్ని జీపెక్కించు. అప్పుడుగాని ఆ మొద్దులకు బుద్ధి రాదు. విను, ఎవలో సిత్తారమ్మ దేవతట. మాటమాటకు ఆ పేరెత్తి చేతులు జోడిస్తది.”

హరిలాల్ తలవంచుకుని వీడియో విన్నాడు. మళ్లీ మొదటినుంచి విన్నాడు. తర్వాత పెన్నుకు మూత పెట్టాడు.

“ఏమని శాపనార్థాలు పెడుతున్నది?” అంది సరోజన.

“‘పాకెటు మొత్తం ఒక్కసారే లీటరు నీళ్లల్ల కలుపు. విరేచనం అయినప్పుడల్ల తాపు. చన్నుపాలు బంజెయ్యకు. మూత్రం రాకుంటె దవాఖానకు ఉరుకు.’ గింతే మేడం. మంత్రమంటె జనం ఇంటరని వేపమండ పట్టుకున్నట్టున్నది.”

అవి సరోజన మైకులో చెప్పిన మాటలే, ఒక్కటీ పొల్లుపోలేదు. అయినా ఊరికే తగ్గితే ఆమె సరోజన ఎందుకవుతుంది?

“గదంత సరే. మధ్యల ఆ సిత్తారమ్మ ఎవలు మరి? కనీసం గదన్న రాయి.”

హరిలాల్ తెల్లకాగితాన్ని మళ్లీ సొరుగులో పెట్టాడు.

“లాలవ్వకు సిస్టరమ్మ అని నోరు తిరుగదు మేడం.”