కుడివరస ఎలుకలు

"ఆ తాళంచెవి ఇటియ్యి," అన్నాడు భీమేశ్వరరావు. గొంతులో మునుపటి మర్యాద లేదు.

ఎలుకలకు మేతా నీళ్ళూ చూసే తాయారు కొంగుముడి విప్పి ఎలుకల గది తాళంచెవి బల్లమీద పెట్టింది. "ఏంది సార్, నామీద అనుమానమా?"

అనుమానం కాక మరేమిటి! నలభై తెల్లెలుకలకు మలేరియా ఎక్కించి పది రోజులైంది. ఎడమవరస బోన్లకు ఎర్రమూత డబ్బాలోని మందునీళ్ళు, కుడివరసకు తెల్లమూత డబ్బాలోని ఉత్తనీళ్ళు. మందులేని కుడివరస ఈపాటికి సగమైనా చచ్చి ఉండాలి. ఒక్కటి చస్తే ఒట్టు! రెండు వరసలూ మీసాలు తిప్పుకుంటూ తిరుగుతున్నాయి. 'మందువల్ల తేడా లేదు' అని సాయంత్రం బొంబాయి కంపెనీకి టెలిగ్రాం వెళ్ళిపోతుంది. యానాం నుంచి వచ్చి ఈ పుదుచ్చేరి ల్యాబులో అతను పడ్డ రెండేళ్ళ చాకిరీ గంగలో కలిసినట్టే.

"చచ్చినవాటిని పారేసి, పక్కగదిలోంచి మంచివి తెచ్చి పెట్టావు. అవునా?"

"అయ్యో కడవుళే, దేవుడా! నేనెందుకు పెడతా?"

"చస్తే నిన్నంటారని. మరి నిన్న గుడ్డ కప్పిన బుట్టలో ఏం పట్టుకెళ్ళావ్?"

"చేపలు సార్. పిళ్ళైచావడి నించి మా వదిన తెచ్చింది. మీకు వాసన రాలా?" తాయారు ముక్కు ఎగబీల్చింది. "ఎలకల చెవులు చూసుకోండి. మీరే కదా గాట్లు పెట్టింది."

ఒక్కోదాన్నీ తోక పట్టి లేపి చూశాడు. కుడివరసలో ఇరవైకి ఇరవై, తను గాటు పెట్టినవే. మార్పిడి జరగలేదు. మరైతే?

ఎర్రమూత డబ్బా తీశాడు. తగ్గాల్సినంతే తగ్గింది. వాసన చూశాడు. మందే.

"ఇందులోది ఇంటికి తీసుకెళ్ళావా?"

"చుక్క గూడా గేటు దాటలా. నా బిడ్డమీద ఆన!"

"చూడు తాయారూ, నిజం చెప్పకపోతే రేపట్నించి నువ్వు పనిలోకి రానక్కర్లేదు. ఉత్తనీళ్ళు తాగి ఇవి ఎలా బతికాయి?"

తాయారు అతన్ని ఎగాదిగా చూసింది, ఇంత చదివినవాడికి ఆపాటి తెలియదా అన్నట్టు.

"ఒకే పంక్తిలో కూసోబెట్టి ఈ పక్కోళ్ళకి పరమాన్నం, ఆ పక్కోళ్ళకి గంజీ పోస్తామా సార్? రెండు డబ్బాలూ బకెట్లో కలిపి అందరికీ సమంగానే పోస్తా ఉండా!"