డబ్బా మీద రెండు దెబ్బలు

గురువారం పొద్దున్న ఆరుంపావుకి కర్టిస్ పెల్కీ ఇంటి ముందు చెత్త డబ్బాని ఎవరో రెండుసార్లు తట్టారు.

ఎవరో ఏమిటి, ఆర్వినే. చెత్త బండి వెనక మెట్టు మీద నిలబడి వచ్చే మనిషి. ఏ డబ్బా ఎత్తబోయినా ముందు వేళ్ళ కణుపులతో టక్ టక్‌మని రెండు దెబ్బలు వేస్తాడు. క్షణం ఆగుతాడు. అప్పుడు ఎత్తుతాడు.

ఆ చప్పుడుకి కర్టిస్ నిద్ర పాడవుతోంది. మంచు పడ్డ రోజుల్లో ఐదింటికే మంచు ఊదే మిషను వేసి వీధంతా దద్దరిల్లగొట్టేది తనే. కానీ అది చప్పుడు కాదు, బాధ్యత.

ఓ గురువారం పైజమా మీద ఓవర్‌కోటు తగిలించుకుని బయటికొచ్చాడు.

"ఎందుకయ్యా ఆ కొట్టుడు? లోపల ఎవరైనా ఉంటారా?"

"ఉండరండీ." ఆర్విన్ టోపీ సర్దుకున్నాడు. "ఉండరనే అనుకుంటాం."

ఇదేం జవాబని కర్టిస్‌కి ఒళ్ళు మండింది.

సరిగ్గా ఆ ఏడాదే బ్రెమ్స్‌ఫర్డ్ ఊరి చెత్త కాంట్రాక్టు గడువు తీరింది. పదేళ్ళకోసారి పాత కంపెనీకే, ఎవరూ చదవకుండా, సంతకం పెట్టేస్తూ వచ్చిన కాంట్రాక్టు. ఈసారి కొత్త కంపెనీ ఒకటి పోటీకి దిగింది. వాళ్ళ బండికి ఇనప చెయ్యి ఉంటుంది. డ్రైవరు కిందికి దిగడు. వెనక మనిషే అక్కర్లేదు. ఆ చెయ్యే చాచుకుని, డబ్బాని పట్టుకుని, తలకిందులు చేసి మళ్ళీ పెట్టేస్తుంది.

తట్టదు.

కౌన్సిల్ మీటింగులో మాట్లాడాలనుకున్నవాళ్ళకి తలా మూడు నిమిషాలు ఇస్తామన్నారు. కర్టిస్ ఆ మూడు నిమిషాల కోసం మూడు వారాలు అద్దం ముందు తయారయ్యాడు. బీమా కంపెనీలో లెక్కలు కట్టే ఉద్యోగం మరి. ఆర్విన్ పనిలో చేరి నలభై మూడేళ్ళు. వారానికి నాలుగు వందల యాభై ఇళ్ళు. ఇంటికి రెండు దెబ్బలు.

"ఇరవై లక్షల పన్నెండు వేల నాలుగు వందల దెబ్బలు," అని మైకులో చదివాడు. పండగ సెలవులు తీసెయ్యలేదు.

కాగితం మీద మామూలుగానే ఉన్న అంకె, పైకి చదివేసరికి కర్టిస్‌కే ఒళ్ళు జలదరించింది.

మేయరమ్మ వెనక వరసలో ఉన్న ఆర్విన్‌ని లేపి, ఎందుకు కొడతావని అడిగింది. అలవాటని చెప్పాడు. ఇంకేమైనా చెప్పుకుంటావా అంటే, లేదన్నాడు. ఆవిడకి నవ్వొచ్చింది.

"పోనీ, ఇరవై లక్షల సార్లలో లోపల్నించి ఎవరైనా పలికారా?"

"ఒక్కసారమ్మా."

హాలంతా ఘొల్లుమంది. ఆర్విన్ నవ్వలేదు. కర్టిస్ వైపు ఓసారి చూశాడు, ఎప్పుడో దాచిన వస్తువు చెక్కుచెదరకుండా ఉందో లేదో చూసుకున్నట్టు. తర్వాత కూర్చున్నాడు.

ఓట్లేస్తే నలుగురు ఇటు, ముగ్గురు అటు. ఇనప చెయ్యి గెలిచింది.

కొత్త బండితోపాటు కరపత్రం కూడా వచ్చింది. డబ్బాకీ డబ్బాకీ మధ్య మూడడుగులుండాలిట. కర్టిస్ టేపు పెట్టి కొలిచాడు. పక్కింటివాళ్ళవీ కొలిచాడు. అంతా ప్రశాంతంగా ఉంది. ఎటొచ్చీ ఆరుంపావుకి మెలకువ మాత్రం వస్తూనే ఉంది. మెలకువొచ్చి, ఏదో వినపడాలని కాసేపు ఎదురుచూసి, మళ్ళీ పడుకునేవాడు.

డిసెంబరు వచ్చింది. కర్టిస్ అక్క జోలీన్ ఊరికి ఆ చివర ఉంటుంది. ఏటా క్రిస్మస్‌కి ముందు గురువారం యాపిల్ కేకు చేసి, పనిగట్టుకుని కారేసుకొచ్చి, తమ్ముడి చెత్త డబ్బా మీద పెడుతుంది, ఆర్విన్ కోసం. నీ ఇంటి ముందే పెట్టుకోవచ్చుగా అంటే వినదు. కర్టిస్ ఉంటున్నది ఇద్దరూ పుట్టి పెరిగిన ఇల్లు. కర్టిస్ కూడా ఆర్విన్‌కి ఓ ఏడాది కారు కడిగించుకునే కూపను ఇచ్చాడు. ఇచ్చేటప్పటికి దాని గడువు దాటి రెండు రోజులే అయింది.

ఈసారీ జోలీన్ మూత మీద కేకు పెట్టి పక్కకి జరిగింది. బండి వచ్చి ఆగింది. ఇనప చెయ్యి చాచుకుంది. డబ్బాతో పాటు కేకూ గాల్లోకి లేచి, తలకిందులై బండి కడుపులోకి పోయింది. ఖాళీ డబ్బా కింద పడింది. అంతా కలిపి ఏడు సెకన్లు.

కేకు కోసం చాచిన జోలీన్ చెయ్యి ఇంకా అలాగే ఉంది.

"ఆర్విన్ ఏడిరా?"

మెట్ల మీద నిలబడ్డ కర్టిస్ గర్వంగా చెప్పుకొచ్చాడు. తను కట్టిన లెక్క, హాలు నవ్వడం, ఓట్లు. ఆర్విన్ ఇల్లమ్ముకుని ఎక్కడో వాళ్ళ తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయాడని కూడా.

జోలీన్ మంచులోనే మెట్టు మీద కూలబడింది.

"నీకు నాలుగేళ్ళప్పుడు, వేసవి సెలవుల్లో దాగుడుమూతలాడాం. అప్పట్లో బండి మధ్యాహ్నం వచ్చేది. నిన్ను వెతకాల్సింది నేను. టీవీలో బొమ్మలొస్తుంటే లోపలికి పోయా. నిన్ను మర్చేపోయా. బండి చప్పుడు విని వాకిట్లోకొచ్చేసరికి, మన రేకు డబ్బా అతని భుజం దాకా లేచింది. పనిలో చేరి నాలుగో రోజట."

కర్టిస్ ఖాళీ డబ్బా వైపు చూశాడు.

"అమ్మకి చెప్పొద్దని కాళ్ళావేళ్ళా పడ్డా. ఎవ్వరికీ చెప్పనని మాటిచ్చాడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళురా. ఎనిమిదేళ్ళ పిల్లకిచ్చిన మాట."

"అయితే... ఆ ఒక్కసారీ..."

"బరువు తేడాగా ఉందని డబ్బా కిందికి దించాడు. రెండుసార్లు తట్టి, లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగాడు," అంది జోలీన్. "ఎవరూ లేరు, అన్నావు నువ్వు."