వాసన లేని చొక్కా

అప్పయ్య విప్పిన చొక్కాని కాళమ్మ మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంది.

“పది రోజులై డీజిల్ కంపే లేదు. డ్యూటీకే ఎల్తన్నావా మావా, ఇంకేటైనా ఉందా?”

“సెప్పేను గదే. ఇప్పుడు నాది గ్యాస్‌తో నడిచే సరుకుల షిప్పు. కావాలంటే చాతం జెట్టీకొచ్చి సూడు.”

“జూట్ మాటలాడకు, అబద్దాలు నాకాడ సెల్లవు. గ్యాసైతే మన సిలిండర్లాగ కంపు కొట్టాలి గదా?”

“సిలిండర్ గ్యాసుకి వాసన కలుపుతారే. షిప్పు గ్యాసుకి అదీ ఉండదు. లీకైనా మా ముక్కుకి తెలీదు. ఆ జేబుకున్న డబ్బా మోగితేనే పరిగెడతాం.”

జేబుకి తగిలించి ఉన్న అగ్గిపెట్టెంత డబ్బాని కాళమ్మ అప్పుడు చూసింది. దాన్ని ఊడదీసి చెవి దగ్గర పెట్టుకుంది.

“మావా, ఇది జూట్ సెప్పదు గదా?”